పేరుకు లేజర్

దారమక్క అసలు పేరు పార్లర్‌లో ఎవరికీ పట్టదు. చేతిలో ఎప్పుడూ దారం ఉంటుంది కాబట్టి దారమక్క, అంతే. ఆ చుట్టుపక్కల సగంమంది ఆడవాళ్ళ కనుబొమ్మలు ఆవిడ చేతిచలవ. దారం ఒక కొస పళ్ళ మధ్య బిగించి, మిగతాది వేళ్ళకు మెలివేసి, పౌడరు రాసిన చర్మం మీద టకటకా నడిపిందంటే, కుర్చీలో ఉన్నామె అబ్బా అనేలోపు పని అయిపోయేది. పెదవి మూల దారం కోసిన గీత, చూపుడువేళ్ళ లోపలివైపు కాయలు కాచిన చారలు, ఇవీ అన్నేళ్ళ కొలువులో ఆవిడ వెనకేసుకున్నవి.

వెంట్రుక విషయంలో ఆవిడకు ఒకటే పట్టింపు. అది వేరుతో సహా ఊడి రావాలి. మధ్యలో తెగిందా, ఇక ఆ పూటంతా మొహం మాడ్చుకుని తిరిగేది. రేజర్ అన్న మాట వింటే చాలు, ఒంటికాలి మీద లేచేది. గీసుకునేది మగవాళ్ళు, ఆడదాని మొహం మీద బ్లేడు పెట్టడమేమిటని వచ్చినవాళ్ళను మందలించేది. గీస్తే మరింత ముదురుతాయని కూడా చెప్పేది. అది నిజం కాదని ఎవరు చెప్పినా చెవికెక్కించుకునే మనిషి కాదు.

అలాంటి మనిషికి లోకమంతా ఒక ఎత్తు, చెల్లెలు ఒక ఎత్తు. తల్లి పోయేనాటికి చెల్లెలు ఇంకా చంక దిగని పిల్ల. అప్పటినుంచీ జడ వేసింది అక్క, జ్వరమొస్తే పక్కన కూర్చుంది అక్క, బడిలో పేరు రాయించింది అక్క. పెళ్ళి ఊసు ఎవరైనా ఎత్తితే, దీన్ని ఒడ్డున పడేయనివ్వండి అని తప్పించుకునేది. చెల్లెలు చదువుకుని చిన్నపిల్లల బడిలో టీచరై ఒడ్డున పడింది గానీ, అప్పటికి పెళ్ళి ఊసు ఎత్తేవాళ్ళే లేకుండా పోయారు. అందుకు దారమక్క ఏనాడూ చింతించలేదు.

చింతంతా చెల్లెలి మొహం గురించే. ఒంట్లో హార్మోన్లు గాడి తప్పడంతో ఆ పిల్లకు చదువుకునే రోజుల్లోనే దవడల మీద, గడ్డం కింద ముతక వెంట్రుకలు రావడం మొదలైంది. ఇంట్లో అంత పనితనం పెట్టుకుని బెంగెందుకు? ప్రతి ఆదివారం పొద్దున కిటికీ కింద చాప వేసుకుని, చెల్లెలి తల ఒళ్ళో పెట్టుకుని, అక్క దారం అందుకునేది. చెల్లెలు వారమంతా బడిలో జరిగినవన్నీ ఏకరువు పెట్టేది. ఎవరు పలక పగలగొట్టారు, ఎవరు ఎవర్ని కొరికారు, హెడ్మిస్ట్రెస్ ఎవరి మీద చిందులు తొక్కింది. అక్క నోట్లో దారం కాబట్టి ఊఁ అనడం తప్ప మారుమాట ఉండేది కాదు. అక్కా చెల్లెళ్ళు కడుపునిండా కబుర్లాడుకున్నారంటే అదే, అందులోనూ మాట్లాడేది ఒక్కతే.

ఒక ఆదివారం ఆ ఒక్కతీ మాట్లాడలేదు. గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. ఒకటో తరగతి పిల్ల ఒకతి ఏడుస్తుంటే ఎత్తుకుందట. ఆ పిల్ల ఏడుపు ఆపి, టీచరు దవడ నిమిరి, టీచర్, మీ గడ్డం మా నాన్న గడ్డంలాగే గుచ్చుకుంటోంది అందట. క్లాసంతా గొల్లుమంది. మన భాషలో ఆడవాళ్ళకుండే గడ్డానికీ మగవాళ్ళు పెంచే గడ్డానికీ మాట ఒకటే కావడం చెల్లెలికి ఆ రోజు తెలిసొచ్చింది. ఇద్దరూ ముందు నవ్వుకున్నారు. నవ్వుతూ నవ్వుతూనే చెల్లెలు అక్క ఒళ్ళో మొహం దాచుకుని ఏడ్చింది. 

ఆ తర్వాత చెల్లెలు అక్కకు చెప్పకుండా చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చింది. హార్మోన్లకు మాత్రలు రాసిచ్చారట. లేజర్ చేయించుకుంటే చాలావరకు పోతాయన్నారట. ఈలోగా లాగడం, పీకడం, దారం పెట్టడం పూర్తిగా మానేసి, పెరిగినప్పుడల్లా రేజర్‌తో గీసుకుని రమ్మన్నారట. చెల్లెలు ఇదంతా చెబుతుంటే దారమక్క చెవులకు ముందు దారం మానేయమన్న మాటే వినబడింది. నా చేతుల్లో పెరిగిన మొహాన్ని ముక్కూ మొహం తెలియనివాళ్ళకు చూపించి వస్తావా అని మూతి ముడుచుకుంది. కాసేపటికి రెండో మాటా వినబడింది. లేజర్.

"లేజరేగా, మా పార్లర్‌లో లేదూ? నేనుండగా బయటివాళ్ళ చేతిలో పడాల్సిన ఖర్మేంటే నీకు?" అంది.

కొంప మునిగింది సరిగ్గా ఇక్కడే.

పార్లర్‌కు అప్పటికి కొన్నాళ్ళ క్రితమే తెల్లటి పెట్టెలాంటి మిషను ఒకటి వచ్చింది. దానికి నీళ్ళగొట్టంలాంటి తోక, తోక చివర చేత్తో పట్టుకునే పిడి, పిడి కొసన దీర్ఘచతురస్రంగా చిన్న గాజుపలక. చర్మానికి చల్లటి జెల్ రాసి, పలక ఆనించి పిడి మీది బొత్తాం నొక్కితే ఫెళ్ళున వెలుగు చిమ్ముతుంది. నేర్పడానికి వచ్చినతను, ఇది లేజర్ కాదండీ, లైటు, దీన్ని ఐపీఎల్ అంటారు అని మొదటే చెప్పాడు. ఆ మూడక్షరాలు వచ్చేవాళ్ళ నోళ్ళలో ఏం నానుతాయి, లేజర్ అంటే పిల్లలకు కూడా తెలుసు, అలాగే అనండి అంది పార్లర్ ఓనరమ్మ. ఆవిడ మోసం చేయాలని అన్నది కాదు, పాపం. మైదా తెచ్చినా గోధుమ తెచ్చినా పిండి తెచ్చామంటాం, అలాగే అనుకుంది. బోర్డు మీద లేజర్, ఫోనెత్తితే లేజర్, వరసలో ఎవరెవరున్నారంటే లేజర్ ఇద్దరు, ఫేషియల్ ఒకరు. ఆ మాట రోజంతా నలిగి నలిగి, అది లేజర్ కాదన్న సంగతి దారమక్క బుర్రలోంచి శుభ్రంగా తుడిచిపెట్టుకుపోయింది. తెలియక కాదు. తెలిసిందే మరిచిపోయింది.

నల్లగా ఉన్నవాళ్ళకు చేయకపోవడమే మంచిదని, చేయాల్సివస్తే వెలుగు జోరు మార్చే మీట బాగా కిందికి పెట్టాలని కూడా అతను చెప్పి వెళ్ళాడు. ఆ మాట గుర్తుంది. అందుకే చామనఛాయ దాటి నలుపులో పడే తన చెల్లెలికి మొదటిసారి బాగా కిందనే పెట్టింది. అక్కడిదాకా బుద్ధిగానే ఉంది. బుద్ధిగా లేనివి ఆవిడ వేళ్ళు. చెల్లెలు కుర్చీలో తల వాల్చగానే, దవడ మీద మొలిచిన వెంట్రుకలు కళ్ళెదుట కనబడుతుంటే, ఆ వేళ్ళు ఎలా ఊరుకుంటాయి? ముందు దారం పెట్టి ఒక్కటి మిగల్చకుండా వేర్లతో లాగేసి, తళతళలాడే చర్మం మీద అప్పుడు లైటు కొట్టింది. ఇల్లు ఊడ్చాక ముగ్గు పెట్టినంత శ్రద్ధగా కొట్టింది.

ఏముంటుంది అక్కడ, వెలుగు పట్టుకోవడానికి? కొన్నాళ్ళకు ఎప్పటిలాగే మొలిచాయి. మళ్ళీ లాగింది, మళ్ళీ కొట్టింది, మళ్ళీ మొలిచాయి. కాళ్ళకూ చేతులకూ చేయించుకున్న తెల్లగా ఉన్నవాళ్ళకు, ఇళ్ళలో రేజర్‌తో గీసుకుని వచ్చినవాళ్ళకు, బాగానే తగ్గుతోంది. తన చెల్లెలికే తగ్గడం లేదు. మా దానివి మొండి వెంట్రుకలు, మా అమ్మ పోలిక అనుకుంది. అనుకుని, వచ్చినప్పుడల్లా మీట ఒక గీత పైకి జరపడం మొదలుపెట్టింది. చెల్లెలు కాస్త వెచ్చగా ఉందక్కా అనేది, అంతే. లోపల వేరు లేకపోయె, పైన వెంట్రుక లేకపోయె, మంటెక్కడినుంచి వస్తుంది? మీట మాత్రం ఎక్కడో ఉండాల్సింది ఎక్కడికో ఎక్కి కూర్చుంది.

అంతలో పార్లర్‌కు రద్దీ రోజులు వచ్చాయి. ఆదివారాలు కూడా దారమక్కకు ఊపిరి సలపలేదు. చాప వేసి కూర్చునే తీరిక లేక, చెల్లెలే పొద్దున్నే స్నానాలగదిలో గడియ పెట్టుకుని, డాక్టరమ్మ చెప్పినట్టు రేజర్‌తో గీసుకుని బడికి వెళ్ళేది. అక్కకు చెబితే రామాయణం మొదలవుతుందని చెప్పలేదు. ఒక సెలవు రోజు మధ్యాహ్నం, ఇద్దరు కస్టమర్ల నడుమ కాస్త సందు దొరికితే, అక్క ఫోన్ చేసి చెల్లెల్ని పార్లర్‌కు పిలిపించింది.

దవడ మీద వేలు వేయగానే గరుకు తగిలింది. రేజర్ పెట్టావా అని కస్సుమంది. డాక్టరమ్మ అదే చెప్పిందిగా అంది చెల్లెలు. దారానికి అందనంత పొట్టిగా ఉన్నాయి, బయట ఇంకొకామె ఎదురుచూస్తోంది. సణుక్కుంటూనే జెల్ రాసి, కళ్ళకు నల్లద్దాలు పెట్టి, మీట క్రితంసారి ఉన్నచోటే ఉంచి బొత్తాం నొక్కింది.

చెల్లెలు ఉలిక్కిపడింది. రెండో దెబ్బకు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

"మండుతోందక్కా."

మాడిన వెంట్రుకల వాసన గుప్పుమంది. ఇన్నాళ్ళూ ఆ వాసన ఇతరుల కాళ్ళ దగ్గర వచ్చేది గానీ చెల్లెలి దగ్గర ఎన్నడూ రాలేదు. దారమక్కకు ఆ వాసన పట్టగానే ఎంత సంతోషం వేసిందో చెప్పలేం. అమ్మయ్య, ఇన్నాళ్ళకు పట్టిందిరా దేవుడా అనుకుంది.

"కాస్త ఓర్చుకోవే. మండితేనే పని చేస్తున్నట్టు," అంది.

ఓర్చుకోమంటే ఓర్చుకునే పిల్ల. చిన్నప్పటినుంచీ అక్క ఓర్చుకోమంటే సూదికీ ఓర్చుకుంది, చేదుమందుకూ ఓర్చుకుంది. రెండు దవడలూ పూర్తయ్యేదాకా పళ్ళ బిగువున కూర్చుంది. నల్లద్దాల కింది నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి వెళుతుంటే, జెల్ కరిగిందనుకుని దారమక్క దూదితో తుడిచింది.

జెల్ తీశాక చర్మం బూడిదరంగులో ఉంది. సాయంత్రానికి ఎర్రబడింది. పడుకునేలోపు పొక్కింది. ఆ పొక్కులు కూడా ఎలా పడితే అలా లేవలేదు, గాజుపలక ఆనించినచోటల్లా దాని ఆకారంలోనే, ఇటుకలు పేర్చినట్టు లేచాయి. చెల్లెలు అద్దంలో చూసుకుని, దాన్ని బోర్లించి పెట్టింది. దారమక్క ఒకసారి చూసి, తడిగుడ్డ కోసం పరుగెత్తింది.

మర్నాడు డాక్టరమ్మ దగ్గర ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఎవరు చేశారని ఆవిడ అడిగింది. పార్లర్‌లో ఎవరో కొత్తమ్మాయి అని చెల్లెలు టక్కున చెప్పింది. మొహాలతో ఆడుకునే ఇలాంటివాళ్ళను ఏం చేసినా పాపం లేదని డాక్టరమ్మ మండిపడింది. దారమక్క ఆ తిట్లన్నీ తలవంచుకుని వింది. పక్కన చెల్లెలు మోకాలితో అక్క మోకాలిని నొక్కుతూనే ఉంది, మాట్లాడకు అన్నట్టు.

"కొత్తమ్మాయి కాదండి. నేనే. దీని అక్కని," అంది దారమక్క.

డాక్టరమ్మ ఆ తర్వాత గొంతు తగ్గించేసింది. తిట్టినా బాగుండేది. మందు రాస్తూ నిదానంగా చెప్పుకొచ్చింది.

"లేజర్ అంటే ఒకే రంగు వెలుతురమ్మా. ఎంత లోతుకు దిగాలో చూసి ఎంచుకోవచ్చు. ఈ అమ్మాయి రంగుకు సరిపడేది వేరే ఉంది, అది పైచర్మాన్ని పెద్దగా పట్టించుకోకుండా లోపలికి దిగి వేరును కాలుస్తుంది. మీ దగ్గరున్నది రకరకాల రంగుల వెలుతురంతా కలిపి ఒకేసారి కొట్టేస్తుంది. తెల్లటి చర్మం మీద నల్ల వెంట్రుక ఉంటే అదీ బాగానే పనిచేస్తుంది. కానీ దానికి కావాల్సింది నలుపు. వెంట్రుకదా, చర్మానిదా అని చూడదు."

లేజరైనా తెలియని చేతిలో కాలుస్తుందని కూడా చెప్పింది. మరి అంతకుముందు ఇన్నిసార్లు చేస్తే ఏమీ కాలేదే అని దారమక్క అడిగింది. అంతకుముందు ఏం చేసేవారని ఆవిడ అడిగింది. ముందు దారం పెట్టి శుభ్రం చేసేదాన్నని చెప్పింది. డాక్టరమ్మ కలం ఆపి ఆవిడకేసి చూసింది. వేరు లాగేస్తే వెలుగు పట్టుకోవడానికి ఇంకేముంటుంది, అందుకే పనిచేయలేదు, మీరు మీట పెంచుకుంటూ పోయారు, నిన్న చర్మం నలుపుకు వెంట్రుక నలుపూ తోడైంది, కాలింది అని నాలుగు ముక్కల్లో తేల్చేసింది. దారమక్క తన చేతులకేసి చూసుకుంది. ఏ పనితనాన్ని చూసుకుని ఇన్నాళ్ళూ తలెత్తుకు తిరిగిందో, ఆ పనితనమే చెల్లెలి కొంప ముంచిందని అప్పుడర్థమైంది. ఏడుపు కూడా రాలేదు.

పొక్కులు మానాయి గానీ మచ్చలు నిలిచాయి. చుట్టూ నల్లటి అంచు, మధ్యలో పాలిపోయిన ముక్క. చెల్లెలు మాస్కు పెట్టుకుని బడికి వెళ్ళేది. వేడినీళ్ళు పడ్డాయని పిల్లలకు చెప్పింది. ఇంట్లో తినడానికి తప్ప మాస్కు తీసేది కాదు, తినేటప్పుడు గోడవైపు తిరిగేది. మునుపటిలా బడి కబుర్లు లేవు. అరవలేదు, తిట్టలేదు, ఒక్కమాట ఎత్తిపొడవలేదు. ఏమైనా కావాలా అంటే వద్దక్కా అనేది. ఆ వద్దు వినలేక దారమక్క ఒకరోజు, పోనీ నన్ను నాలుగు తిట్టవే అని బతిమాలింది. నువ్వు కావాలని చేశావా ఏంటి, వదిలెయ్ అంది చెల్లెలు. ఆ అనడంలో కోపం ఏ మూలా లేదు. ఉంటే వెతికి పట్టుకునేదే, అంతగా చెవులు రిక్కించుకుని వింది.

పార్లర్‌లో ఆవిడ మళ్ళీ ఆ మిషను ముట్టుకోలేదు. బోర్డు మీద లేజర్ అన్న మాట చెరిపించేదాకా ఓనరమ్మను నిద్రపోనివ్వలేదు. అక్కడివరకే ఆవిడ చేతిలో ఉంది, అది చేసింది. దారం పట్టడం మాత్రం మానలేదు, తిండి అక్కడినుంచే రావాలి కదా. కాకపోతే ఎవరైనా నొప్పి అంటే ఠక్కున ఆపేసేది. ఏమీ కాదు లాగండి అని వాళ్ళే నవ్వి చెప్పాల్సి వచ్చేది.

చర్మం పూర్తిగా కుదుటపడ్డాక డాక్టరమ్మ అసలు లేజర్ మొదలుపెట్టింది. ముందు చెవి కింద చిన్న చోట చేసి చూసి, కొన్నాళ్ళు ఆగి, ఏమీ కాలేదని నిర్ధారించుకున్నాకే దవడకు వచ్చింది. ప్రతిసారీ అక్క తోడు వెళ్ళేది. మొదటిసారి లోపలికి రాబోతే, నువ్విక్కడే కూర్చోక్కా అని చెల్లెలు మెల్లగా అంది. అప్పటినుంచీ బయట బల్ల మీదే కూర్చునేది. లోపల మిషను చప్పుడు చేసినప్పుడల్లా పమిట కొంగు నోట్లో కుక్కుకునేది. చెల్లెలు బయటికి వచ్చాక నొప్పెట్టిందా అని అడగాలని ఉండేది. అడిగే మొహం ఏది?

అది పనిచేసింది. ఒక్క ఊపున కాదు, వెళ్ళి వస్తూ ఉండగా ఉండగా వెంట్రుకలు సన్నబడ్డాయి, పలచబడ్డాయి, కొన్నిచోట్ల రావడమే మానేశాయి. మచ్చలు కూడా మందులకు లొంగి చర్మంలో కలిసిపోతూ వచ్చాయి. బడిలో మాస్కు తీసేసిన రోజు చెల్లెలు ఇంటికి వస్తూనే బడి కబురు ఒకటి చెప్పింది. పిల్లలెవరూ ఏమీ అడగలేదట. దారమక్క వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడు చాటున కరువుతీరా ఏడ్చింది.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం పొద్దున చెల్లెలు తలస్నానం చేసి కిటికీ దగ్గర నిలబడి జుట్టు ఆరబెట్టుకుంటోంది. ఎండ నేరుగా మొహం మీద పడుతోంది. దగ్గరికొచ్చి చూస్తే తప్ప అక్కడేదో జరిగిందని తెలియడం లేదు. ఉన్నట్టుండి అక్కను పిలిచింది.

"ఇలా రాక్కా. ముట్టుకుని చూడు, ఎంత నున్నగా ఉందో."

చెల్లెలు ఆ మాట అంటుందని దారమక్క కలలో కూడా అనుకోలేదు. చేతులు తడిగా ఉన్నాయని చీరకు తుడుచుకుంది. సరిపోదనిపించి మళ్ళీ తుడుచుకుంది. నవ్వుతున్న చెల్లెలి దవడ దగ్గరికి, పసిబిడ్డను తాకబోయినట్టు, చెయ్యి చాపింది.

వేలు ఇంకా తగలనే లేదు. చెల్లెలి మొహం చటుక్కున వెనక్కి వెళ్ళిపోయింది. తల కిటికీ రెక్కకు కొట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి.

 కాసేపటికి చెల్లెలు కళ్ళు తెరిచింది. ఏం జరిగిందో తనకే అర్థం కానట్టు చూసింది. 

"నేను కాదక్కా. నేను జరగలేదు. మొహం దానంతటదే జరిగింది."

"తెలుసమ్మా," అంది దారమక్క.

"మళ్ళీ ముట్టుకో. ఈసారి కదలను."

అని, చెల్లెలు రెండు చేతులతో కిటికీ ఊచలు పట్టుకుంది. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, మొహం ముందుకు చాపి నిలబడింది. అక్క కోసం ఓర్చుకోవడానికి సిద్ధంగా ఉంది. ఊచల మీద ఆ వేళ్ళ కణుపులు తెల్లబడుతున్నాయి.

దారమక్క చెయ్యి దించేసింది.

"బాగుందే. చాలా నున్నగా ఉంది," అంది, ముట్టుకోకుండానే. పొయ్యి మీద పాలు చూసొస్తానని చెప్పి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.